కాలవ గట్టు నడకా, జిమ్మా?

భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో ఒళ్లు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా రెండిట్లో ఒకటి పట్టుకుంటారు. తెల్లారగట్ల కాలవ గట్టు మీద నడక, లేదంటే ఏసీ జిమ్ము.

నడకకి బూట్లు తప్ప ఖర్చు లేదు. డెల్టా నేల బల్లపరుపు, ఎత్తుపల్లాల బాధ ఉండదు. పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు, రోజుకి అరగంట చొప్పున ఐదు రోజుల్లో తీరిపోతాయి. కాకపోతే వేగంగా నడవాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి. మన గట్ల మీద చాలామందిది కబుర్ల నడక. ఆఖర్న బండి దగ్గర ఆగి ఉప్మా పెసరట్టు, దాని మీద ఇంకో గరిటె నెయ్యి! కరిగిందంతా అక్కడే తిరిగొచ్చేస్తుంది. ఇక వానాకాలంలో నల్లమట్టి చెప్పులకి ముద్దలుగా అంటుకుంటుంది. మానేయడానికి అదో సాకు.

జిమ్ముకి వాన అడ్డురాదు. ఫీజు కట్టాం కాబట్టి కొన్నాళ్లయినా వెళ్తాం. అసలు లాభం బరువులెత్తడంలో ఉంది. వయసుతోపాటు కండ తగ్గుతుంది, దానికి నడక ఒక్కటే చాలదు. అదే సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమంటోంది. ప్రోటీన్ డబ్బాల కోసం పరుగెత్తక్కర్లేదు. చేప, గుడ్డు, పప్పు మనకి కరువా?

క్రమశిక్షణ అలవడటానికైతే నా ఓటు గట్టుకే, గుమ్మం దాటితే చాలు కాబట్టి. యాభై దాటినవాళ్లు మాత్రం బరువులు వాయిదా వేయకండి. బీపీ, షుగర్ ఉంటే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.