తొమ్మిది ఆటలు, రెండు గెలుపులు: ఏటీ అండ్ టీ స్టేడియంలో కౌబాయ్స్ 2024 సీజన్

2023లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ సొంత మైదానంలో ఆడిన ఎనిమిది లీగ్ మ్యాచ్‌లూ గెలిచారు. ఆ ఊపు చూసి 2024కి టికెట్లు కొన్నవాళ్లకు తొమ్మిదింట్లో దక్కినవి రెండే. ఇదే జట్టు బయటి ఊళ్లలో ఎనిమిది ఆడి ఐదు గెలిచింది. మొత్తం 7 గెలుపులు, 10 ఓటములు, ప్లేఆఫ్స్ లేవు. అందుకే ఆటకు 5కి 2 మార్కులు, స్టేడియానికి 5కి 4. ఆ తగ్గించిన ఒక్క మార్కు ఎండకు.

చుట్టాలొచ్చినప్పుడు ఒక్క ఆటకైనా తీసుకెళ్దామనుకునే ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో తెలుగు కుటుంబాలు ముందు అడిగేది టికెట్ ఎంత అనే. దానికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి: ఆట ఎన్నింటికి మొదలవుతుంది, మీ సీటు ఏ దిక్కుకు తిరిగి ఉంటుంది.

2009లో తెరిచిన ఈ స్టేడియం తూర్పు పడమరలుగా ఉంటుంది. మైదానం రెండు కొసల్లో బంతి చేర్చి పాయింట్లు సాధించే చోట్లను ఎండ్ జోన్లంటారు. ఆ రెండిటి వెనకా పెద్ద పెద్ద అద్దాల గోడలు. డాలస్ టైంలో మధ్యాహ్నం 12 గంటల ఆటకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పైకప్పు మూసి ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. రాత్రి ఏడు దాటాక మొదలయ్యే ఆటకూ అంతే. చిక్కంతా 3:25కి మొదలయ్యే ఆటలతోనే. నవంబర్‌లో గడియారం గంట వెనక్కి జరిపాక ఇక్కడ ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. రెండో క్వార్టర్ (ఆటలో రెండో పావు భాగం) నడిచేసరికి పడమటి అద్దాల్లోంచి ఎండ ఏటవాలుగా మైదానం పొడుగునా పరుచుకుంటుంది. తూర్పు ఎండ్ జోన్ వెనక కూర్చున్నవాళ్లకు అది సరిగ్గా ఎదురు. టోపీ, చలువ కళ్లద్దాలు లేకపోతే మొదటి సగం ఆట నీడల్లా కనిపిస్తుంది.

ప్రేక్షకులకే కాదు, ఆటగాళ్లకూ అదే బాధ. 2024 నవంబర్ 10న ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో ఆట. రెండో క్వార్టర్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) కూపర్ రష్ ఎండ్ జోన్‌లోకి బంతి వేశాడు. అక్కడ బంతి అందుకోవాల్సిన సీడీ ల్యామ్ చుట్టుపక్కల ఎవరూ లేరు. బంతి దగ్గరికొచ్చినా అతని చేతులు లేవలేదు, పక్కనుంచి వెళ్లిపోయింది. ఎండలో బంతే కనిపించలేదని ఆట అయ్యాక ల్యామ్ చెప్పాడు, పరదాలు వేయాలన్నాడు. సంగీత కచేరీలప్పుడు ఆ అద్దాలకు పరదాలు వేస్తూనే ఉంటారు. ఆటకు మాత్రం వేయబోమని యజమాని జెర్రీ జోన్స్ తేల్చేశారు. జట్లు క్వార్టర్ క్వార్టర్‌కూ వైపులు మారతాయి కాబట్టి ఇద్దరికీ సమానమేనన్నది ఆయన వైపు వాదన. నిజమే, కానీ టికెట్ కొన్నవాళ్లు వైపులు మారరు కదా! పరదా వేయాల్సిందే అన్నది మా గట్టి అభిప్రాయం. ఆ రోజు కౌబాయ్స్ ఐదుసార్లు బంతి పోగొట్టుకుని, ఒక్క టచ్‌డౌన్ (బంతిని ఎండ్ జోన్‌లోకి చేర్చడం) లేకుండా 34-6తో ఓడారు.

మైదానం నడిమి మీద, 90 అడుగుల ఎత్తున వేలాడే వీడియో తెర ఈ స్టేడియం ప్రాణం. వెడల్పు 160 అడుగులు, ఎత్తు 72. 2009 ఆగస్టులో, ఇంకా సన్నాహక మ్యాచ్‌లు నడుస్తుండగానే, టెనెసీ పంటర్ (బంతిని కాలితో దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేసేవాడు) కొట్టిన బంతి నేరుగా దాని అడుగుభాగానికి తగిలింది. బంతి తెరకు తగిలితే ఆ ఒక్క ప్రయత్నం చెల్లదు, దాన్నే మళ్లీ ఆడిస్తారు. 400 వరస సీట్లు ఎత్తులో, దూరంగా ఉంటాయి, కానీ తెర దాదాపు కళ్ల ఎదురుగా వస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా ఆట నియమాలు ఇంకా పట్టుబడనివాళ్లకు, మూలన ఉండే 100 వరస సీటు కంటే మైదానం మధ్యకు ఎదురుగా ఉండే 400 వరస సీటే మేలు. కింద కూర్చుంటే ఆటగాళ్ల వీపులు కనిపిస్తాయి, వ్యూహం ఎలా పన్నారో పైనుంచే తెలుస్తుంది.

పార్టీ పాస్ అంటే సీటు లేని టికెట్. ఎండ్ జోన్ల వైపు అంతస్తుల్లో నిలబడి చూడాలి, ముందొచ్చినవాళ్లదే చోటు. గేటు తెరిచే వేళకే వెళ్లి రెయిలింగ్ పట్టుకుంటే దృశ్యం అద్భుతం. గంట ఆలస్యమైతే ముందు నాలుగు వరసల తలలు. మూడు గంటలకు పైగా నిలబడాలి కాబట్టి పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ ఇది పనికిరాదు.

ఇక ఆట సంగతి. ఇంట్లో ఓటములకు మూలం ఒకటే: బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లను ఆపలేకపోవడం. సెప్టెంబర్ 15న న్యూ ఓర్లీన్స్ తనకు బంతి దొరికిన మొదటి ఆరుసార్లూ టచ్‌డౌనే చేసింది, ఆల్విన్ కమారా ఒక్కడే నాలుగు. 44-19. మరుసటి వారం బాల్టిమోర్ నుంచి డెరిక్ హెన్రీ 151 గజాలు పరిగెత్తాడు. అవతలివాళ్లు మొదట్లోనే ఆధిక్యంలోకి వెళ్తే అప్పట్లో కౌబాయ్స్‌కు ఆడిన మైకా పార్సన్స్ లాంటి పాస్ రషర్‌కు (బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడికి) పనే ఉండదు, ఎందుకంటే వాళ్లు బంతి విసరక్కర్లేదు, పరిగెడుతూ గడియారం కరిగిస్తే చాలు. అక్టోబర్ 13న డెట్రాయిట్ చేతిలో 47-9. నవంబర్ 3న అట్లాంటాలో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ తొడ వెనక కండరం తెగి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఏడాదికి 6 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అయితే తప్పంతా గాయం మీద నెట్టలేం. అతను బాగున్నప్పుడే ఇంట్లో మూడుకు మూడూ పోయాయి.

అన్నిటికన్నా కడుపు మండించింది డిసెంబర్ 9న సిన్సినాటితో ఆట. స్కోరు 20-20, మిగిలింది దాదాపు రెండు నిమిషాలు. ప్రత్యర్థి కాలితో తన్నిన బంతిని, అంటే పంట్‌ను, కౌబాయ్స్ ఆటగాడు నిక్ విజిల్ అడ్డుకున్నాడు, స్టేడియమంతా లేచి నిలబడింది. అడ్డుకున్న పంట్ ఆ ప్రయత్నం మొదలైన గీత దాటి ముందుకు దొర్లితే దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి, బంతి ఎలాగూ మనదే. కౌబాయ్స్ ఆటగాడు అమాని ఒరువారియే దాన్ని అందుకోబోయాడు, చేతికి తగిలి జారింది. మనవాడు ముట్టుకున్నాడు కాబట్టి అది ఎవరికి దొరికితే వాళ్లది, సిన్సినాటికి దొరికింది. ఆ తర్వాత మూడో ప్రయత్నంలో సిన్సినాటి ఆటగాడు జమార్ చేజ్ 40 గజాల టచ్‌డౌన్. 27-20. మోకాలు చితికిన లైన్‌బ్యాకర్ (రక్షణ ఆటగాడు) డిమార్వియన్ ఓవర్‌షోన్‌ను పోగొట్టుకున్నదీ ఆ రాత్రే. పదకొండు రోజుల ముందు, థాంక్స్‌గివింగ్ నాడు, న్యూయార్క్ జెయింట్స్ విసిరిన పాస్‌ను తానే చేత్తో ఎగరేసి, తానే పట్టుకుని, 23 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసినవాడు! జెయింట్స్ మీద ఆ 27-20 గెలుపు, డిసెంబర్ 22న టాంపా బే మీద 26-24 గెలుపు, ఈ రెండు టికెట్లే పైసా వసూలు.

కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ గురించి వేరే చెప్పాలి. బాల్టిమోర్ మీద 65 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం) కొట్టాడు. ఏ ఆటలోనైనా అరగంట ముందే సీట్లో కూర్చుని అతని వార్మప్ చూడండి.

వెళ్లేముందు: స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్‌కు రైలు లేదు, కారే గతి. పార్కింగ్ ముందే ఆన్‌లైన్లో కొనాలి. ఫ్రిస్కో నుంచి నలభై మైళ్ల దరిదాపు, ఆట రోజున రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, ఇంట్లోనే వాలెట్‌లోకి ఎక్కించుకోండి. బ్యాగు 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 మందం మించని పారదర్శక ప్లాస్టిక్‌ది అయితేనే లోపలికి. అది కాని చేతిసంచి అయితే నాలుగున్నర, ఆరున్నర అంగుళాల లోపే. మామూలు హ్యాండ్‌బ్యాగుతో వచ్చి గేటు దగ్గర ఆగిపోవడం ప్రతి ఆటకూ కనిపించేదే.

పార్కింగ్ రద్దీకి భయపడి ముందే లేవకండి. 2025 జనవరి 5న వాషింగ్టన్‌తో సీజన్ చివరి ఆట మూడు సెకన్లుండగా తేలింది: వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ మారియోటా నుంచి మెక్‌లారిన్‌కు 5 గజాల టచ్‌డౌన్ పాస్, 23-19. ఓటమే, అయినా తొమ్మిదింట్లో చివరిదాకా సీటు అంచున కూర్చోబెట్టిన కొద్ది ఆటల్లో అదొకటి.