చిరుగులకీ బొంతలకీ పాత నల్ల మిషను: 14 నెలలు వాడాక

ఇంట్లో చిరిగిన బట్టలు బాగుచేసుకోవడానికి, పాత చీరలతో బొంతలు కుట్టుకోవడానికి ఏ మిషను కొనాలని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. కాలితో తొక్కే పాత నల్ల ఇనప మిషను కొనుక్కోండి, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. నేను 14 నెలల కిందట విజయవాడ వన్‌టౌన్‌లో పాత మిషన్లు బాగుచేసి అమ్మే చిన్న కొట్లో స్టాండుతో సహా 4,800కి తీసుకున్నాను. జాకెట్లు కుట్టి సంపాదించుకునే వాళ్ల కోసం రాస్తున్నది కాదు ఇది. మోకాళ్లు చిరిగిన ప్యాంట్లు, కుట్లు పిగిలిన నైటీలు, జిప్పు పోయిన స్కూలు బ్యాగులు, అంచులు అరిగిన దిండు గలీబులు ముందేసుకుని ఆదివారం కూర్చునేవాళ్ల కోసం.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ ఎలక్ట్రిక్ మిషను తెప్పించాను. 12 రకాల కుట్లు, లైటు, దారం కత్తిరించే బ్లేడు అన్నీ ఉన్నాయి, పల్చటి కాటన్ మీద బాగానే కుట్టింది కూడా. మావాడి జీన్స్ అడుగు మడత కుట్టబోతే, పక్క కుట్టు మీదికి మడత వచ్చి పొరమీద పొర పేరుకునే చోట మోటారు మూలిగి ఆగిపోయింది, సూది విరిగి ముక్క ఎగిరి నా కళ్లజోడుకి తగిలింది. ఆ రోజు కళ్లజోడు లేకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ భయమేస్తుంది. వెనక్కి పంపించాక డబ్బులు పడడానికి 11 రోజులు పట్టింది, ఆ టెన్షన్ వేరే.

వన్‌టౌన్ కొట్లో పెద్దాయన మాత్రం నేను మోడళ్ల పేర్లు చదువుతుంటే వినిపించుకోలేదు. "ఏం కుడతావమ్మా?" అని ఒకటే అడిగారు. చిరుగులు, బొంతలు అన్నాను. "మరి అన్ని కుట్లు నీకెందుకు తల్లీ, తిన్నగా కుడితే చాలుగా" అని మూల నుంచి ఈ మిషను లాగి, గోనెసంచి ముక్క నాలుగు మడతలు పెట్టి నా ఎదురుగానే కుట్టి చూపించారు. చక్రం బరువుగా ఉంటుంది కాబట్టి ఒకసారి ఊపందుకుంటే ఆ బరువే సూదిని మందంలోంచి దింపేస్తుంది. ప్లాస్టిక్ దానికి లేనిది అదే.

ఇంకో పెద్ద సుఖం స్పేర్లు. 1930ల్లో కలకత్తాలో మొదలైన ఉష దగ్గర్నించి లూధియానాలో తయారయ్యే చిన్న కంపెనీల దాకా, మన దగ్గర దొరికే నల్ల మిషన్లలో ఎక్కువ భాగం సింగర్ కంపెనీ వాళ్ల 15 క్లాస్ అనే పాత మోడల్ నమూనాలో చేసినవే. అందుకని బాబిన్ (కింది దారం చుట్టుకునే చిన్న చక్రం), అది కూర్చునే బాబిన్ కేసు, బట్టని పై నుంచి నొక్కి పట్టే ఫుట్టు, బెల్టు ఏ ఊళ్లో అడిగినా కంపెనీ ఏదని అడక్కుండానే ఇస్తారు. నా బాబిన్ కేసు కిందపడి సొట్టపోతే మా వీధి చివర ఫ్యాన్సీ షాపులోనే 60 రూపాయలకి దొరికింది. సూది మాత్రం ఇంటి మిషనుదని చెప్పి అడగండి, కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది. టైలర్ షాపుల్లో పెద్ద మిషన్లకి వాడే గుండ్రటి కాడ సూది దీనికి కుదరదు. ఆ చదును వైపు తిరగేసి బిగిస్తే ఒక్క కుట్టూ పడదు, మొదటి వారం నేను ఒక సాయంత్రమంతా దానికే పోగొట్టుకున్నాను.

చిరుగుల సంగతి. మావాడి జీన్స్ మోకాలు చూద్దాం. ప్యాంటు కాలు గొట్టంలా ఉంటుంది కాబట్టి మిషను మూతి అక్కడికి దూరదు. బయటి పక్క కుట్టు మోకాలి దగ్గర జానెడున్నర విప్పుకోవాలి. లోపలి కాలి కుట్టు జోలికి పోవద్దు, జీన్స్‌కి అది సాధారణంగా డబుల్ కుట్టు, మళ్లీ అలా వేయడం కష్టం. మాసిక ముక్క ఇంకో పాత జీన్స్‌లోంచే కోయాలి, చిరుగు వరకే కాదు, చుట్టూ అరిగి పల్చబడిన మేర అంతా కప్పేటట్టు నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువ పెట్టుకుని. ప్యాంటు నిలువు పోగుకి మాసిక నిలువు పోగే రావాలి, లేకపోతే రెండు ఉతుకులకే ముడతలు పడుతుంది. లోపల పెట్టి కదలకుండా చేత్తో టాకాలు (తర్వాత తీసేసే పొడుగు కుట్లు) వేసుకుని, పై నుంచి పావు అంగుళానికో వరస చొప్పున నిలువుగా కుట్టుకుంటూ పోవాలి. ఈ మిషనులో లీవర్ పైకెత్తితే కుట్టు వెనక్కి పోతుంది, దించితే ముందుకి వస్తుంది, అంటే బట్టని ప్రతి వరసకీ తిప్పే పని లేదు. 16 నంబరు సూది పెట్టాను. మందం వచ్చిన చోట తొక్కడం ఆపి చక్రం చేత్తో తిప్పాలి, ఫుట్టు వెనకపక్క మడతపెట్టిన గుడ్డ ముక్క ఒకటి దూరిస్తే ఫుట్టు వాలిపోకుండా సమంగా ఉంటుంది. ఆ ప్యాంటు 9 నెలలుగా వేస్తూనే ఉన్నాడు, మాసిక చుట్టూ ఎక్కడా పిగల్లేదు.

నేను అసలు ఈ మిషను కొన్నది మా అమ్మ చీరల కోసం. అమ్మ రోజూ కట్టుకున్న మంగళగిరి నేత చీరలు, ఉతికి ఉతికి పాలమీగడలా మెత్తబడినవి, బీరువాలో ఊరికే పడుంటే చూడలేకపోయాను. చీర కొలత బొంతకి ఎంత చక్కగా సరిపోతుందో కుట్టేదాకా నాకు తెలీదు. ఐదున్నర మీటర్ల చీరని అడ్డంగా మూడు మడతలు వేస్తే దాదాపు ఆరడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది, కత్తెర పెట్టక్కర్లేకుండా ఒంటి మంచానికి సరిపోతుంది. రెండు చీరలైతే ఆరు పొరలు. జరీ అంచు ఉంటే మాత్రం విడదీసేయండి, ఒంటికి గీసుకుంటుంది.

మొదటి బొంత పాడైంది. మిషనులో కింది పళ్లు కింది పొరని ముందుకి లాగుతాయి, ఫుట్టు పై పొరని అక్కడే నొక్కి పట్టుకుంటుంది, దాంతో ఆరడుగులు కుట్టి చివరికి వచ్చేసరికి పై చీర రెండు అంగుళాలు మిగిలిపోయి మూల దగ్గర కుప్పగా నిలబడింది. మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి నేల మీద పరిచి, నలుగురం నాలుగు మూలలా పట్టుకుని, బెత్తెడుకో టాకా వరస వేశాం. మిషను తల మీదుండే స్క్రూ రెండు చుట్లు వదులు చేసి ఫుట్టు ఒత్తిడి తగ్గించాను, కుట్టు పొడవు బాగా పెంచాను, అంచు నుంచి కాకుండా బొంత మధ్యలోంచి మొదలుపెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు వరసలు వేసుకుంటూ వెళ్లాను. అప్పుడు సాపుగా వచ్చింది. నాలుగు మధ్యాహ్నాల పని. ఇప్పుడు మా అమ్మాయి హాస్టల్లో కప్పుకుంటోంది.

అయితే ఒక నిజం చెప్పాలి, చేత్తో కుట్టిన బొంత మెత్తదనం మిషను బొంతకి రాదు. చేతి కుట్టు వదులుగా ఉంటుంది, పొరల మధ్య గాలి ఉంటుంది, మిషను కుట్టు పొరలన్నిటినీ కలిపి బిగించేస్తుంది. అందుకే ఇప్పుడు కుడుతున్న అతుకుల బొంతకి, మిగిలిపోయిన జాకెట్టు ముక్కలూ అస్తరు ముక్కలూ ఒకదానికొకటి అతకడం, చుట్టూ అంచు పట్టీ వేయడం మిషను మీద, మధ్యలో వరసలు చేత్తో చేస్తున్నాను. ముక్కలన్నీ ముందు ఉతికి ఇస్త్రీ చేసుకోండి, కొత్త కాటన్ ముక్క ఒక్కటున్నా మొదటి ఉతుకులో కుంచించుకుపోయి పక్క ముక్కలన్నిటినీ లాగేస్తుంది.

దీంతో కానివీ ఉన్నాయి. టీషర్టులు, లెగ్గింగులు లాంటి సాగే బట్టలకి ఇది పనికిరాదు, తిన్నటి కుట్టు కాబట్టి బట్ట సాగగానే దారం పుటుక్కున తెగుతుంది. సాగే బట్టలకి వాడే, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది పెట్టినా కుట్టు దాటేయకుండా ఉంటుందే కానీ తెగడం ఆగదు. చీరలకి పీకో కాదు, కాజాలు కావు. చప్పుడు ఉంటుంది, అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిది దాటాక నేను ముట్టుకోను. బరువు వల్ల ఊడ్చేటప్పుడు జరపడం కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చిన్న మోటారు పెట్టించుకోవచ్చు, మా వదిన తన మిషనుకి అలాగే పెట్టించుకుంది, హాయిగా ఉందంటోంది. నాకు మాత్రం తొక్కడమే ఇష్టం, ఒక్కో కుట్టు చొప్పున నెమ్మదిగా పోవాలంటే కాలి మాటే వింటుంది.

కొనేటప్పుడు జీన్స్ కాలి ముక్క ఒకటి, పాత చీర ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి రెండిటి మీదా మీరే కుట్టి చూడండి. సూది కడ్డీని వేళ్లతో పట్టుకుని కదిపితే పక్కలకి ఊగకూడదు. కింది పళ్లు వేలితో తడిమితే గరుకుగా తగలాలి, నున్నగా అరిగిపోయి ఉంటే బట్ట ముందుకి పోదు. బాబిన్ కేసుని దారం పట్టుకుని వేలాడదీసి చిన్నగా ఒక కుదుపు ఇవ్వండి, అంగుళం దిగి ఆగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు, జర్రున జారిపోతే పక్కనుండే చిన్న స్క్రూ కాస్త తిప్పించుకోండి. రంగు పోయిందని, బంగారు పూలు చెరిగిపోయాయని మాత్రం వద్దనకండి. నా మిషను మీద ఒక్క పువ్వూ మిగల్లేదు.