టైటన్ మ్యూజియమా, మినిట్‌మన్ స్థావరమా: ఏది చూడాలి?

అమెరికా, సోవియట్ యూనియన్ పరస్పరం అణ్వస్త్రాలు ఎక్కుపెట్టుకుని, ఆ భయంతోనే దశాబ్దాలపాటు నేరుగా యుద్ధానికి దిగకుండా నెట్టుకొచ్చిన తీరు దగ్గరగా చూడాలనుకునేవారికి అమెరికాలో రెండు మంచి చోట్లున్నాయి. ఒకటి ఆరిజోనాలోని టైటన్ మిసైల్ మ్యూజియం, రెండోది దక్షిణ డకోటాలోని మినిట్‌మన్ మిసైల్ జాతీయ చారిత్రక స్థలం. రెండూ ఒకప్పటి అణు క్షిపణి స్థావరాలే; టైటన్, మినిట్‌మన్ అన్నవి ఆ క్షిపణుల పేర్లు. ఒక్కదానికే వీలుంటే మొదటిదానికే నా ఓటు.

మ్యూజియం టూసాన్ నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. పక్కనే గ్రీన్ వ్యాలీలో గదులు దొరుకుతాయి కానీ, శాకాహార భోజనం కావాలంటే టూసాన్‌లో దిగడమే నయం. టికెట్లు ముందే తీసుకోవాలి. గైడు వెంట 55 మెట్లు దిగాలి. పొడగరులకు హెల్మెట్ ఇస్తారు.

నియంత్రణ గదిని భారీ స్ప్రింగులపై నిలబెట్టారు. దగ్గర్లో బాంబు పడినా లోపలివారు బతికి ఎదురుదెబ్బ తీయగలగాలి. ఆ దెబ్బ తప్పదని నమ్మితేనే కదా ఎదుటివాడు తొలి దాడికి జంకేది! ఇద్దరు అధికారులు ఒకేసారి తాళంచెవులు తిప్పి 5 సెకన్లు పట్టుకుంటే, 58 సెకన్లలో 31 మీటర్ల క్షిపణి 9 మెగాటన్నుల (90 లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడుకు సమానమైన) వార్‌హెడ్‌తో, అంటే కొసన అమర్చిన అణుబాంబుతో, బయల్దేరేది. లక్ష్యాలు వారికి ఒకటి, రెండు, మూడు అన్న అంకెలుగానే తెలుసు, ఊళ్ల పేర్లు తెలియవు. మా బృందంలో ఒక కాలేజీ అమ్మాయిని కూర్చోబెట్టి తాళం తిప్పించారు. క్షిపణి లేచాక వెనక్కి పిలిచే మార్గమే లేదని గైడు తాపీగా చెప్పాడు.

పైన, సైలోకు (క్షిపణిని నిలబెట్టే భూగర్భ గొయ్యికి) ఉన్న 760 టన్నుల తలుపు సగమే తెరిచి కదలకుండా బిగించేశారు, వార్‌హెడ్ తొడుగుకు రంధ్రం పెట్టారు. ఇక ఇది పనిచేయదని సోవియట్ ఉపగ్రహాలు చూసి నిర్ధారించుకోవాలన్నది ఒప్పందం. ఆయుధం ఉందని నమ్మించడం ఎంత అవసరమో, తీసేశామని నమ్మించడమూ అంతే అవసరమైందన్నమాట. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తలుపే.

దక్షిణ డకోటాలో సందర్శకుల కేంద్రానికి రుసుము లేదు. డెల్టా-09 అనే సైలోను అద్దపు కప్పు గుండా చూడవచ్చు. అసలు చూడవలసింది డెల్టా-01 అనే చోట ఉన్న భూగర్భ నియంత్రణ గది. దాని ఉక్కు తలుపుపై సిబ్బంది పిజ్జా పెట్టె బొమ్మ గీసి, 30 నిమిషాల్లో ప్రపంచంలో ఎక్కడికైనా అందజేస్తామని రాసుకున్నారు. లిఫ్టు చిన్నది కావడంతో ఒక్కో విడతకు ఆరుగురినే పంపుతారు. బ్యాడ్‌ల్యాండ్స్ జాతీయ ఉద్యానానికో, అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కొండకో వెళ్లేవారు డెల్టా-01 టికెట్ చేతికొచ్చాకే దగ్గర్లోని వాల్ పట్టణంలో గది తీసుకోవడం మేలు.