పది టైర్ల లారీ: రేడియల్ టైర్లు, అదనపు కమాన్ పట్టీలు – చాలాకాలం వాడాక

బండి లోడుతో కలిపి 28.5 టన్నులది. ఎక్కువగా సిమెంటు, బియ్యం బస్తాల లోడుతో ఎన్‌హెచ్ 16 మీద తిరుగుతుంది. మొదట 10.00-20 నైలాన్ టైర్లు ఉండేవి, తర్వాత అన్నీ 10.00ఆర్20 రేడియల్‌కి (లోపల ఉక్కు తీగలుండే రకం) మార్చాం. వెనక కమాన్ కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) రెండేసి అదనపు పట్టీలు ఎక్కించి కొంతకాలం నడిపి, తీసేశాం.

రేడియల్‌తో మైలేజీ పెరిగింది. లోడు మీద లీటరుకు 4 కిలోమీటర్ల దగ్గర ఉన్నది 4.2 దగ్గరికి వచ్చింది, అంటే వంద కిలోమీటర్లకు లీటరుకు పైగా మిగులు. ఇంజను బలం మాత్రం ఏ టైరు వేసినా అదే. తేలిగ్గా దొర్లడం వల్ల పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

మైలేజీ లెక్కలో చాలామంది ఒకచోట మోసపోతారు. రేడియల్ కొత్తగా ఉన్నప్పుడు ఎత్తు సుమారు 1052 మిల్లీమీటర్లు. గుండు (రోడ్డును తాకే పైపొర) 12 మిల్లీమీటర్లు అరిగితే ఎత్తు 24 తగ్గుతుంది, చుట్టుకొలత 2.3 శాతం పడిపోతుంది. అరిగిన టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. కొత్త టైర్లు వేయగానే ఆ అదనం పోతుంది. దానికితోడు లోతైన కొత్త గుండు కాస్త బరువుగా దొర్లుతుంది. అందుకే మొదటి ట్రిప్పులోనే ‘రేడియల్ దండగ’ అనేవాళ్లుంటారు. మీటరును నమ్మకండి. ఫోన్‌లో జీపీఎస్ దూరం తీసుకోండి, అదే బంకులో అదే పంపు దగ్గర ట్యాంకు నిండుగా కొట్టించి, అదే రూటులో అదే లోడుతో పోల్చండి.

పెద్ద టైరు మోజు వద్దు. 11.00ఆర్20 ఎత్తు 1085 చుట్టూ ఉంటుంది, 10.00 కన్నా 3 శాతం ఎక్కువ. చక్రం దగ్గర లాగే బలం సరిగ్గా అంతే తగ్గుతుంది. చదును రోడ్డు మీద టాప్ గేరులో ఆర్‌పీఎం తగ్గి హాయిగా ఉంటుంది. దోర్నాల–శ్రీశైలం ఘాటు లాంటి ఎక్కుడులో ఒక గేరు కిందికి దిగాల్సి వస్తుంది, కదిలించేటప్పుడు క్లచ్ మీద భారం పడుతుంది. పైగా దానికి 8.0 రిమ్ కావాలి, 10.00కి ఉండేది 7.5. పాత రిమ్ మీదే ఎక్కిస్తే జంట టైర్ల మధ్య సందు చాలక గోడలు రాసుకుంటాయి.

గాలి సంగతి ఖచ్చితంగా చూసుకోవాలి. వెనక జంట యాక్సిళ్లకు చట్టం ఒప్పుకునే బరువు 21 టన్నులు, అంటే టైరుకు 2625 కిలోలు. 16 ప్లై (టైరు బలం రేటింగు) 10.00ఆర్20 జంటలో మోసేది 2725 కిలోలు, అదీ 120 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పుడు. మిగులు వంద కిలోలే. నైలాన్ అలవాటులో వందకు ఆపేస్తే గోడ వేడెక్కి టైరు పాడవుతుంది, డీజిలూ తాగుతుంది. రేడియల్ గోడ మామూలుగానే కొంచెం ఉబ్బి కనిపిస్తుంది, కాబట్టి కంటితో చూసి గాలి అంచనా వేయొద్దు. చల్లటి టైరుకు గేజి పెట్టండి. లోపలి టైరుకు తప్పకుండా వాల్వ్ ఎక్స్‌టెన్షన్ బిగించండి, లేకపోతే దాని ముఖం ఎవరూ చూడరు. ఒకే జంటలో రేడియల్, నైలాన్ కలపకండి.

ఇక కమాన్ పట్టీలు. 90 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మందం, మీటరున్నర పొడవున్న పట్టీ 17 కిలోలు తూగుతుంది. నాలుగు కలిపితే 68 కిలోలు. 28 టన్నుల బండికి అది లెక్కలోకి రాదు. డీజిలు పోయేది వేరే దారిన. కట్ట గట్టిపడితే గుంతల దెబ్బ టార్క్ రాడ్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ) బుష్‌ల మీద, ఛాసిస్ బ్రాకెట్ల మీద పడుతుంది. బుష్‌లు అరిగితే వెనక రెండు యాక్సిళ్లు సమాంతరంగా ఉండవు. ఎనిమిది టైర్లు కొద్దికొద్దిగా పక్కకు ఈడ్చుకుపోతూ రంపం పళ్లలా అరుగుతాయి. డ్రైవరు ‘బండి బరువుగా లాగుతోంది’ అంటాడు, మెకానిక్ ఇంజెక్టర్లు విప్పుతాడు. ముందు టేపు తీయండి: రెండు యాక్సిళ్ల హబ్ మధ్య నుంచి హబ్ మధ్యకు దూరం ఎడమ, కుడి కొలిచి చూడండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే బుష్‌లు, యు-బోల్టులు (కట్టను యాక్సిల్‌కు బిగించేవి) చూడాల్సిందే.

ఇంకో ప్రమాదం బ్రేకుది. ఎల్‌ఎస్‌వీ (లోడును బట్టి వెనక బ్రేకు బలం మార్చే వాల్వు) ఉన్న బండిలో, కట్ట ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టి ఆ వాల్వు వెనక బ్రేకుకు గాలి పంపుతుంది. పట్టీలు ఎక్కిస్తే కట్ట అంతగా దిగదు, ఎల్‌ఎస్‌వీ లోడు తక్కువ అనుకుంటుంది. నిండు లోడు మీద వెనక బ్రేకు తక్కువ పడుతుంది. పట్టీలు వేసినా తీసినా దాని రాడ్డు మళ్లీ సెట్ చేయించాలి. యు-బోల్టులు కొత్తవే వేయించాలి: పాతవి సాగి ఉంటాయి, పట్టీ పెరిగితే నట్టుకు మరలు చాలవు. లోడు మీద 500 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి.

క్రషర్, ఇసుక బళ్లకు నైలానే మంచిదని నా అభిప్రాయం. రేడియల్ గోడకు రాయి కోత పడితే చాలావరకు టైరు పోయినట్టే. హైవే బండికి మాత్రం రేడియల్, అందులోనూ అన్ని చక్రాలకు రిబ్బు (పొడవునా గాళ్లున్న గుండు). బురదలోకి దిగే పని ఉంటేనే హౌసింగ్‌కి (ఇంజను తిప్పే వెనక యాక్సిల్‌కి) లగ్గు (అడ్డ గాళ్లున్న గుండు) వేయండి.