అమ్రాబాద్ నుంచి చదివిన మ్యూజియం కోర్సు: ఫీజు కట్టొచ్చా?

కట్టొచ్చు. కానీ అందులో ఒక పెద్ద లోటుంది, అది తెలుసుకుని చేరండి.

నేను నల్లమల అడవి పక్కన అమ్రాబాద్ మండలంలో సోషల్ టీచర్ని. నా క్లాసులో చెంచు పిల్లలు కూర్చుంటారు. మ్యూజియంలో ఉన్న వస్తువు ఎవరిది, ఎలా వచ్చింది, ఇచ్చినవాళ్లు ఇష్టపడే ఇచ్చారా అన్నవి నేర్పే మ్యూజియం ఆంత్రోపాలజీ కోర్సు ఆన్‌లైన్‌లో ఉందని తెలిసి చేరాను. మూడు నెలలు, ఫీజు నాలుగు వేల చిల్లర. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు చాలా వస్తున్నాయి, మీరు ఏది చూస్తున్నా ఇది పనికొస్తుంది.

అన్నిటికన్నా బాగా చెప్పింది మనుషుల అవశేషాల పాఠం. అమెరికాలో ఆదివాసీల అస్థికలు, పవిత్ర వస్తువులు వాళ్లకు తిరిగి ఇవ్వాలని 1990లోనే చట్టం వచ్చింది. మ్యూజియాలు చాలావరకు నాన్చుతూ వచ్చాయి. 2024 జనవరిలో నిబంధనలు బిగించి, ఆ తెగ అనుమతి లేనిదే ప్రదర్శనకు పెట్టొద్దనేసరికి న్యూయార్క్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం రెండు పెద్ద హాళ్లు మూసేసింది. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లోనే తన దగ్గరున్న మనుషుల అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. 2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒక నాగా మనిషి పుర్రెను వేలానికి పెట్టారు. నాగాలాండ్ నుంచి గట్టిగా అభ్యంతరం వచ్చాకే వెనక్కి తీసుకున్నారు. పాఠం చెప్పిన మేడం ఆ పుర్రె ఫోటో చూపించలేదు. ఆ మనిషి తాలూకు వాళ్లు ఈ క్లాసులో ఉంటే నేను చూపించేదాన్నా అని ఆలోచించి తీసేశానన్నారు. పుస్తకం చదివితే ఇది రాదు. ఫీజులో సగం నాకు అక్కడే గిట్టింది.

మన శిల్పాల సంగతీ వచ్చింది. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో తవ్వించిన అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియం చేరిన వైనం, చందవరం నుంచి దొంగలెత్తుకుపోయిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొని, 2016లో మన దేశానికి అప్పగించిన తీరు బాగానే చెప్పారు.

లోటు ఇక్కడే. కోర్సంతా రాయి, కంచు, ఎముక చుట్టూనే తిరిగింది. వెదురు విల్లు, తేనె బుట్ట, తీగతో పేనిన తాడు ఊసే లేదు. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మామూలుగా వందేళ్లు దాటితేనే పురావస్తువు, చేతిరాత ప్రతికైతే 75 ఏళ్లు. చెంచుల తాడు అన్నేళ్లు ఉండదు. ఎవరైనా వచ్చి నాలుగు డబ్బులిచ్చి పట్టుకుపోతే ఆ చట్టం అడ్డు రాదు. ఇలాంటి వాటి విషయంలో నీతి ఏమిటో చెప్పడానికి ఒక్క పాఠమైనా ఉండాల్సింది.

చివరి అసైన్‌మెంటుకు నేను చెంచులు తేనె కోసం కొండ దిగే తాడునే తీసుకున్నాను. వాళ్లిచ్చిన ఫారంలో వస్తువు దేనితో చేశారు, పొడవెంత, ఎప్పటిది, సేకరించినవారెవరు అని గడులున్నాయి. చేసినవాళ్ల పేరుకు గడి లేదు. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఒక పెద్దాయనకు ఆ ఫారం చదివి వినిపిస్తే, "పైన తాడు ఎవరు పట్టిన్రో రాస్తరా సారూ?" అని అడిగాడు. తేనెకు కొండ చరియ మీంచి మనిషి దిగుతుంటే పైన తాడు పట్టేది బావమరిదేనట. "అక్క మొగణ్ణి పడనియ్యడు గద," అన్నాడు. ఎంత పెద్ద మ్యూజియంలో పెట్టినా ఈ సంగతి రాయకపోతే అది ఉట్టి తాడే. ఫారం అంచున పెన్నుతో గడి గీసి ఆయన చెప్పింది రాసి పంపాను. దిద్దినవాళ్లు మెచ్చుకున్నారు, మార్కులు మాత్రం ఫారంలో ఉన్న గడులకే వేశారు.

ఇంకొకటి కూడా వాళ్లతో వాదించాను. 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త మా చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు, 1943లో పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ అనే యూనివర్సిటీలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు. ఇంటర్నెట్‌లో పెడితే అందరికీ అందినట్టే అన్నట్టుగా కోర్సు మాట్లాడుతుంది. లోపలి పెంటల్లో సిగ్నలే ఉండదు. ఫోన్‌లో దింపుకుని తీసుకెళ్లి చూపిస్తే, చుట్టూ చేరినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "వీళ్ల పేర్లేంది?" అని. ముఖాలు చూసి పేరు చెప్పగలిగిన తరం దాదాపు వెళ్లిపోయింది. ప్రింట్లు తీసి పెంటలకు పంపడం, పేర్లు రాయించుకోవడం పెద్ద ఖర్చు కాదు. నా దృష్టిలో తిరిగి ఇవ్వడమంటే ముందు అదే కావాలి.

మిగతా ఇబ్బందులు మామూలువే. ఇంగ్లిష్ స్పీడుగా ఉంటుంది, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. లైవ్ క్లాసు రాత్రి తొమ్మిదిన్నరకు, సరిగ్గా మా దగ్గర కరెంటు పోయే టైముకు. సర్టిఫికెట్‌కు వేరే డబ్బు కట్టాలని చివర్లో చెప్పారు, ఇది మాత్రం ముందే చెప్పాల్సిన మాట. రికార్డింగులు ఏడాదిపాటు ఉంచుతారు కాబట్టి క్లాసు మిస్సయితే టెన్షన్ పడక్కర్లేదు.

హిస్టరీ, సోషియాలజీ చదివే డిగ్రీ పిల్లలకు, నాలాంటి టీచర్లకు చెప్తున్నాను, చేరండి. చేరే ముందు పాఠాల లిస్టు అడిగి తీసుకోండి, మన దేశం గురించి ఎంతుందో చూసుకోండి. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఫారంలో చేసినవాళ్ల పేరుకు గడి పెట్టమని మెయిల్ రాశాను, వచ్చే బ్యాచ్‌కు చూస్తామన్నారు. పెడితే నాలుగు చేస్తాను.