దిండిలో దిగాలా, నరసాపురంలోనా?

కోనసీమ వెళ్దాం అనుకోవడానికి మా ఇంట్లో ఐదు నిమిషాలు పట్టింది. ఏ ఊళ్లో దిగాలన్నది తేలడానికి రెండు వారాలు పట్టింది. అమ్మకి గుడి కావాలి, పిల్లలకి పడవ కావాలి, మా ఆయనకి ఫోన్ సిగ్నల్ ఉంటే చాలు. నాకేమో లేచి తలుపు తీస్తే ఎదురుగా గోదారి కనబడాలి.

అమలాపురం మొదట్లోనే తీసేశాం. 2022లో జిల్లా కేంద్రం అయ్యాక అక్కడ బజారు, ట్రాఫిక్ మనకి తెలిసినవే. పైగా రైలు లేదు. రాజోలు పేరు వినడానికి బాగుంది కానీ బస చేసేంత వీలు కనబడలేదు. చివరికి దిండిలో రెండు రాత్రులు, నరసాపురంలో ఒక రాత్రి అనుకుని, హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే పాలకొల్లులో దిగాం. అక్కడి నుంచి చించినాడ వంతెన దాటితే అవతలి గట్టు మీదే దిండి.

దిండి గురించి అందరూ చెప్పేది నిజమే. వశిష్ఠ గోదావరి అక్కడ చాలా వెడల్పుగా, చడీచప్పుడు లేకుండా పోతూ ఉంటుంది. పొద్దున ఆరింటికి కొబ్బరిచెట్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు. మేం దిగిన రిసార్ట్ పేరు చెప్పను. గది, పరుపు, బాత్‌రూమ్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తిండి దగ్గరే మనసు విరిగింది. కోనసీమకి వచ్చి మెనూలో పనీర్ బటర్ మసాలా చూడాల్సి వచ్చింది. "చేపల పులుసు ఉందా?" అంటే ముందు రోజే చెప్పాలన్నారు. పోనీ బయట తిందామంటే, రాత్రి ఎనిమిది దాటాక నడిచి వెళ్లేంత దూరంలో మాకేమీ దొరకలేదు. శనివారం రాత్రి పక్క గుంపు స్పీకరు పెట్టేసరికి ఆ నిశ్శబ్దం కాస్తా పోయింది. వెళ్తే వారం మధ్యలో వెళ్లండి.

అసలు పొరపాటు మాదే. మ్యాప్‌లో దూరాలు కొలిచాం గానీ ఏరు సంగతి మర్చిపోయాం. ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. అందుకని ఇక్కడ రెండు ఊళ్లు ఎదురెదురుగా ఉన్నా, మధ్యలో వంతెన ఎక్కడుందో, రేవు ఎక్కడుందో చూసుకోవాలి. నరసాపురానికి ఎదురు గట్టున సఖినేటిపల్లి ఉంది, కేకేస్తే వినబడేటట్టు. రోడ్డు మీద వెళ్లాలంటే మాత్రం పాలకొల్లు, చించినాడ మీదుగా చుట్టి రావాలి. ఈ సంగతి మాకు ఆటో అబ్బాయి చెప్పాడు. "అంత తిరుగుడెందుకండీ, పంటు మీద ఎక్కించేద్దామండీ, ఆయ్!" అన్నాడు.

పంటు అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే బల్లకట్టు పడవ. దాని కోసమే నరసాపురంలో దిగాలంటాను. బైకులు, ఆటోలు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, స్కూలు పిల్లలు అందరూ ఒకే బల్ల మీద. ఇంజిను దడదడలాడుతుంటే కాళ్ల కింద చెక్క అదురుతుంది. ఒకావిడ మా అమ్మని చూసి తన బుట్ట పక్కకి జరిపి, "కూచోండి పిన్నిగారూ" అని చోటిచ్చింది. రేవు చేరేలోపు మా ఊరు, అమ్మ మోకాళ్ల నొప్పి, పిల్లల చదువులు అన్నీ అడిగేసింది.

అవతల అంతర్వేది. నరసింహస్వామి దర్శనం అరగంటలో అయింది. అక్కణ్నుంచి లైట్‌హౌస్ వైపు, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాం. గోదారి నీళ్లు, సముద్రం నీళ్లు కలిసేచోట రంగు తేడా తెలుస్తుంది. ఆటలో పడి పిల్లలు గంటన్నర కదల్లేదు. దిగి ఈత కొట్టే చోటు మాత్రం కాదది.

నరసాపురంలో లాడ్జి మామూలుదే, కిటికీ తీస్తే పక్కింటి గోడ. అయినా కిందకి దిగితే వేడి ఇడ్లీ, నాలుగడుగుల్లో మందుల షాపు, ఊళ్లోనే రైల్వేస్టేషన్. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు వీటి విలువ తెలుస్తుంది. ఇక్కడి లేసు అల్లికకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నేను కొన్న టేబుల్ గుడ్డ చూసి, "ఇంట్లో మూడున్నాయిగా!" అన్నారు మా ఆయన.

తిరుగు ప్రయాణంలో పూతరేకుల కోసం ఆత్రేయపురంలో ఆగాం. బస చేయక్కర్లేదు, రెండు గంటలు చాలు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. రేకులు తీసే ఆవిడ ఆ గుడ్డని కుండ మీద ఒక్కసారి అలా లాగిందో లేదో, కాగితం కంటే పల్చటి రేకు లేచి వచ్చింది. మా చిన్నది ప్రయత్నిస్తానంటే నవ్వి చేయనిచ్చింది. వచ్చిన రేకుకి మూడు చిల్లులు. దాన్నే తీసుకుని తిన్నాం. అక్కణ్నుంచి బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటి రాజమండ్రిలో రైలెక్కాం.

కదలకుండా విశ్రాంతి కావాలంటే దిండే. నేనైతే మళ్లీ వెళ్తే మూడు రాత్రులూ నరసాపురంలోనే ఉండి, దిండికి ఒక పూట పడవ షికారుకి వెళ్లొస్తాను. పుస్తెలమ్మైనా పులస చేప తినాలన్న ఆశతో వెళ్లేవాళ్లు మాత్రం వరద నీళ్లొచ్చే రోజులు చూసుకోవాలి. చిక్కేమిటంటే, గోదారి బాగా పొంగితే పంటు ఆపేస్తారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, అంటే జాతర, చుట్టుపక్కల గదులు దొరకవు. ఆ రోజుల్లో వెళ్లేదుంటే నెల ముందే ఫోన్ చేయండి, తిండి సంగతి కూడా అప్పుడే అడగండి.