ఇంటర్‌సెప్టర్ ముందు టైరు మార్చాను, అరకు ఘాట్‌లో తేడా తెలిసింది

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకుకి ముందు టైరు మార్చి రెండు నెలలైంది. వేసింది మిషెలిన్ రోడ్ క్లాసిక్, సైజు బండితో వచ్చిందే, 100/90-18. వెనక టైరు ఇంకా బాగానే ఉంది కాబట్టి దాన్ని కదపలేదు. ఇంకేమీ మార్చలేదు కనుక బండి నడకలో వచ్చిన తేడా ఈ ఒక్క టైరు వల్లే అని గట్టిగా చెప్పగలను.

పాత టైరు 16 వేల కిలోమీటర్లు తిరిగింది. గాడులు ఇంకా కనబడుతూనే ఉండటంతో మార్చాలని చాలాకాలం అనిపించలేదు. కానీ ఘాట్ ఎక్కితే ఒళ్ళు బిగుసుకుపోయేది. మలుపులో బండిని వంచబోతే మొదట వంగనని మొండికేసి, ఒక చోటు దాటగానే ఉన్నట్టుండి లోపలికి పడిపోయేది. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగులు, పోయిందేమో అనుకుని చూపించాను, అది బాగానే ఉంది. అసలు సంగతి టైరు విప్పాక తెలిసింది. నేల మీద పెట్టి అరచేత్తో అడ్డంగా నిమిరితే నడిమి భాగం పలకలా చదునుగా ఉంది, దానికి రెండు పక్కలా వేలికి తగిలేంత గట్టు. రోజూ గాజువాక వైపు మలుపుల్లేని తిన్నటి రోడ్డు మీద తిరిగితే నడుమే అరుగుతుంది మరి. మలుపులో బండి ఆ గట్టు దాటేటప్పుడే అలా పడిపోయేది. కాబట్టి గాడుల లోతు ఒక్కటే చూసి టైరు బాగుందనుకోకండి, టైరు గుండ్రంగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి.

బిగించే రోజు మాత్రం నిరాశే మిగిలింది. షాపులో బాణం గుర్తు చూసి సరైన వైపే ఎక్కించారు, బ్యాలెన్సింగ్ కూడా చేశారు. బయటికొచ్చి పది కిలోమీటర్లు నడిపానో లేదో, సిమెంటు రోడ్డు అతుకు వచ్చినప్పుడల్లా హ్యాండిల్ చేతుల్లో దడదడలాడింది. ఇంత డబ్బు పెట్టి తప్పు చేశానా అని టెన్షన్ పట్టుకుంది. రాత్రి బండి చల్లారాక ఇంట్లో గేజు పెడితే 42 చూపించింది! టైరు అంచు చక్రంలో సరిగ్గా కూర్చోవడానికి ఎక్కువగా కొట్టిన గాలిని తగ్గించకుండా అలాగే వదిలేశారు. 32కి దించాను. మర్నాడు పొద్దున అదే రోడ్డు, అవే అతుకులు, చేతుల దాకా ఏమీ రాలేదు. టైరు బాలేదని తీర్పు చెప్పేముందు గాలి మీరే కొలుచుకోండి, షాపువాళ్ళ మాట మీద వదిలేయకండి.

మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా నడిపాను. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, అది కాస్త అరిగేదాకా గట్టిగా వంచకూడదు, గట్టిగా బ్రేకు కొట్టకూడదు.

తర్వాత శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్ళాను. శివలింగపురం దాటి మలుపులు మొదలయ్యాక మూడోదో నాలుగోదో దగ్గర నాకే ఆశ్చర్యం వేసింది, భుజాలు వదులుగా ఉన్నాయి. ఎంత వంచాలనుకుంటే అంతే వంగుతోంది, అక్కడే నిలబడుతోంది, మధ్యలో హ్యాండిల్ సర్దుకోవాల్సిన పని లేదు. మలుపు మధ్యలో ఎదురుగా బస్సు వస్తే ఎడమకి ఇంకో అడుగు జరగడం ఇదివరకు గుండె ఆగినంత పని, ఇప్పుడు ఎడమ చేత్తో హ్యాండిల్‌ని కాస్త ముందుకి నెడితే చాలు. అనంతగిరి దగ్గర సన్నటి జల్లు పడింది, కాఫీ తోటల నీడలో రోడ్డు నల్లగా తడిసి ఉంది. వేగం తగ్గించే నడిపాను కానీ ముందు చక్రం ఎక్కడా జారినట్టు అనిపించలేదు. రోడ్డు గరుకుగా ఉందా, నున్నగా ఉందా అన్నది హ్యాండిల్‌లోంచే సన్నగా తెలుస్తుంటుంది, నాకు ఈ టైరులో అన్నిటికంటే నచ్చింది అదే.

దిగేటప్పుడు బొడ్డవర దాటాక ఒక గేదె దూడ అడ్డం వచ్చింది. ముందు బ్రేకు గట్టిగా పట్టాను. పాత టైరుతో ఇలాంటప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వెంటనే టకటకమని లివరు మీద కొట్టేది, ఈసారి చివర్లో ఒక్కసారి కొట్టింది, బండి నిటారుగా ఆగింది.

కొత్త తారు వేయడానికి గీకి వదిలేసిన రోడ్డు మీద కూడా చూశాను. పాతది ఆ గీతల వెంట తనిష్టం వచ్చినట్టు పోయేది. ఇది కొంచెం కదులుతుంది కానీ దారి తప్పదు.

ఇది తారు రోడ్డు టైరు. ఊళ్ళో పొలం దారి బురదలోకి దింపితే గాడులు నిండిపోయి నున్నగా అయిపోతుంది, అక్కడ దీని నుంచి ఏమీ ఆశించకండి. ధర బండితో వచ్చే రకానికి రెట్టింపు పైనే పడింది. టైరు ట్యూబ్‌లెస్సే అయినా నాది స్పోక్స్ చక్రం కాబట్టి లోపల ట్యూబు వేయక తప్పలేదు, పంచరైతే పాత కష్టమే. 2023లో వచ్చిన, స్పోక్స్ లేని అల్లాయ్ చక్రాల మోడళ్ళవాళ్ళకి ఆ బాధ లేదు.

కొనేముందు టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. 1825 అని ఉంటే 2025లో 18వ వారంలో తయారైందని. పక్కనే 56 హెచ్ అని కూడా ఉంటుంది, 56 అంటే 224 కిలోల బరువు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం మోయగలదని. ఈ బండి ముందు చక్రానికి అది కావలసినదానికన్నా ఎక్కువే.

ఇప్పటికి 2,100 కిలోమీటర్లు తిరిగింది. నడుమ చదును ఇంకా మొదలవలేదు, ప్రతి ఆదివారం బండి కడిగాక చేత్తో నిమిరి చూస్తున్నాను. వెనక కూడా ఇదే రకం వేస్తాను, ఈ వానలు తగ్గగానే.